టాపు లేని మస్టాంగ్‌కి బ్రేసులు వేసిన కథ

(ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడింది ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడ పెడుతున్నాం. వినడానికి టైం దొరకనివాళ్లు చదువుకోండి.)

కువైట్‌లో వినేవాళ్లు, సౌదీ, ఖతర్, దుబాయ్‌లో డ్యూటీ దిగి బస్సులో రూముకు పోతా వినేవాళ్లు, అందరూ బాగున్నారని అనుకుంటా. నాది రాజంపేట దగ్గర ఒక పల్లె. 2011లో కువైట్ వచ్చినా, హెల్పర్‌గా. ఇప్పుడు షుఐబాలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో వెల్డర్‌ని. మీ పనిలో మీకు బాగా నచ్చిన పని ఒకటి చెప్పమని అడిగినారు. అందుకే ఈ రోజు ఒక కారు గురించి చెప్తా. కారుతో పాటు 60 దీనార్ల సంగతి కూడా చెప్పాల.

షుఐబా తెలియనివాళ్లకి ఒక మాట. కువైట్ సిటీ నుంచి దక్షిణంగా 50 కిలోమీటర్లు ఉంటుంది. మంగఫ్, ఫహాహీల్ దాటి వస్తే ఒక పక్క సముద్రం, ఒక పక్క పొగగొట్టాలు. 1968లో మొదలైన రిఫైనరీని 2017లో ఆపేసినారు గానీ పోర్టు, ఫ్యాక్టరీలు, వర్క్‌షాపులు నడుస్తానే ఉన్నాయి. మా షెడ్డులో మామూలుగా చేసేది పైపు సపోర్టులు, నిచ్చెనలు, రెయిలింగులు. కార్ల పని కావాలంటే జనం షువైఖ్ పోతారు. కానీ మా ముదీర్‌కి పాత అమెరికన్ కార్ల పిచ్చి. ఆయన కోసమే షెడ్డు మూలలో రెండు కాళ్ల లిఫ్ట్ ఒకటి పెట్టించుకున్నాడు. ఆయన స్నేహితుల బండ్లు కూడా అప్పుడప్పుడూ మా దగ్గరికే వస్తాయి.

పోయిన ఫిబ్రవరిలో వచ్చింది 1990 ఫోర్డ్ మస్టాంగ్, కన్వర్టిబుల్. అంటే బట్ట టాపు, మడిచి వెనక్కి వేసేది. ఫోర్డ్ వాళ్లు 1973 తర్వాత టాపు లేని మస్టాంగ్ చేయడం ఆపేసినారు. మళ్లీ 1983లో మొదలుపెట్టినారు. ఇది ఆ రెండో కాలం బండి. ఓనరు చెప్పిన కంప్లయింటు ఏందంటే, స్పీడ్ బ్రేకర్ ఎక్కితే అద్దం ముందున్న డ్యాష్‌బోర్డు అంతా వణుకుతుంది, డోర్లు కిర్రుమంటాయి, స్టీరింగు చేతిలో అదురుతుంది.

ఎందుకట్ల అవుతుంది? మనం ఊరికి పంపే కార్గో పెట్టె గుర్తు తెచ్చుకోండి. పైమూతలు మూసి టేపు వేసినాక పెట్టెని మూలల దగ్గర పట్టుకుని మెలిపెట్టి చూడండి, కదలదు. అదే మూతలు తెరిచి మెలిపెడితే? చేతిలో అటూ ఇటూ వంకర పోతుంది. కారుకి పైకప్పు అంటే ఆ మూతే. ఎండకి, వానకి మాత్రమే అనుకుంటాం గానీ, బాడీ మెలి తిరగకుండా పట్టేది కూడా అదే. దాన్ని కోసేస్తే బరువంతా కింద నేల మీద, డోర్ల కింద ఉండే గుమ్మాల మీద పడుతుంది.

ఈ మస్టాంగ్‌లో ఇంకో సంగతి ఉంది. లారీకి ఉన్నట్టు ముందు నుంచి వెనక దాకా ఒకే ఛాసీ ఉండదు. ముందర ఇంజను మోసే పట్టాలు వేరే, వెనక యాక్సిల్ మోసే పట్టాలు వేరే. మధ్యలో ఉన్నది రేకు నేల. అందుకే ఈ బండ్లకి ముందు పట్టాని వెనక పట్టాకి కలుపుతూ రెండు పక్కలా బాక్స్ పైపు వేసి వెల్డింగ్ చేస్తారు. దాన్నే సబ్‌ఫ్రేమ్ కనెక్టర్ అంటారు. ఇంజను పైన రెండు షాక్ టవర్లకి అడ్డంగా ఒక కడ్డీ వేస్తారు. మన ఊర్లో ఇనప గేటు వంగిపోతే ఐమూలగా ఒక పట్టీ వేస్తాం గదా, అదే లెక్క.

పని వినడానికి తేలికే. ఇప్పుడు 60 దీనార్ల సంగతికి వస్తా.

2016 ఆగస్టు. బయట పనివాళ్లకి పొద్దున 11 నుంచి సాయంత్రం 4 దాకా పని ఆపేసే నెలలు. మాది రేకుల షెడ్డు, నెత్తి మాడిపోతా ఉంది. అప్పుడు నేను వేరే చోట పని చేస్తా ఉన్నా. ఇట్లాంటిదే ఇంకో టాపు లేని కారు వచ్చింది. లిఫ్ట్ మీద ఎత్తి, కింద రెండు పైపులు అతికించు, యల్లా, రేపటికి కావాల అన్నారు. ఎత్తినాక డోర్ తీసి వేస్తే ఏదో తేడాగా తగిలింది. తాళం దగ్గర గట్టిగా కొట్టుకుంటా ఉంది. నాకు అనుమానం వచ్చింది. కానీ ఎట్ల చెప్పేది? నాకు వచ్చిన అరబీ అప్పట్లో నాలుగు ముక్కలు. 'బాబ్ ముష్కిల్' అన్నా. 'మాఫీ ముష్కిల్' అన్నాడు ఆయన. వెల్డింగ్ చేసేసినా.

కిందికి దించినాక డోర్ సరిగ్గా పడలేదు. పైన అద్దం టాపు రబ్బరుకి ఆనలేదు. ఓనరు గొడవ చేసినాడు. రెండు నెలల్లో నా జీతంలో 60 దీనార్లు కోసినారు. అప్పుడు నా జీతం 140. ఆ నెల ఇంటికి ఫోన్ చేసి బ్యాంకులో పెట్టిన మీ వదిన గాజుల వడ్డీ ఈసారి కట్టలేనని చెప్పాల్సి వచ్చింది. ఆ పైపులు నేను చక్కగానే అతికించినా. నా అతుకు మీద ఎవరూ వేలు పెట్టలేరు. తప్పు అతుకులో లేదు, బండిని నిలబెట్టిన తీరులో ఉంది.

తర్వాత ఒక ఈజిప్టు మేస్త్రీ చెప్పినాడు. రెండు కాళ్ల లిఫ్ట్ కారుని నడుమ దగ్గర పట్టి ఎత్తుతుంది. చక్రాలు గాల్లో వేలాడతాయి. ముందర ఇంజను బరువు కిందికి లాగుతుంది, వెనకా అంతే. మామూలు కారుకి ఏమీ కాదు. టాపు లేని కారు నడుమ దగ్గర పైకి ఉబ్బినట్టయి డోర్ పైసందు వెడల్పవుతుంది. అప్పుడు పైపు అతికిస్తే ఆ వంకర అట్లనే బిగుసుకుపోతుంది. గట్టిగా చేస్తే గట్టిగానే వంకర ఉంటుంది.

ఇప్పుడు మస్టాంగ్ దగ్గరికి రాండి. ముదీర్ మళ్లీ అదే మాట అన్నాడు. లిఫ్ట్ మీద ఎత్తు, గురువారం సాయంత్రానికి ఇచ్చేయాల. మా షెడ్డులో రాజోలు నుంచి కొత్తగా వచ్చిన పిల్లోడు ఒకడున్నాడు. వాడు మెల్లగా, 'బాబాయ్, మనకెందుకండీ, చెప్పినట్టు చేసేద్దాం' అన్నాడు. పదేళ్ల కింద నేనూ అట్లనే అనుకున్నా.

ఈసారి నేను మాట్లాడలేదు. డ్రిల్ బిట్లు రెండు తీసుకున్నా, 5 మిల్లీమీటర్లది ఒకటి, 8 మిల్లీమీటర్లది ఒకటి. బండి నేల మీద ఉన్నప్పుడు డోర్ వెనక పైసందులో 5 బిట్టు తోక పెడితే సరిగ్గా దూరింది, 8 దూరలేదు. ముదీర్‌ని పిలిచి చూపించినా. తర్వాత లిఫ్ట్ మీద ఎత్తి అదే సందులో 8 పెట్టినా. దూరిపోయింది. 'షూఫ్' అన్నా. ఆయన బిట్టు తీసుకుని తనే పెట్టి చూసినాడు. దించమన్నాడు. మళ్లీ పెట్టి చూసినాడు. కొంచెంసేపు గమ్మున ఉండి, శనివారం దాకా టైం తీసుకో అన్నాడు. నా అరబీ ఇప్పటికీ అంతంత మాత్రమే.

తర్వాత చేసిన పని వరసగా చెప్తా. ఇట్లాంటి బండి మీ చేతికి వస్తే పనికొస్తుంది.

మొదట తుప్పు చూడాల. ఇది సముద్రం పక్క ఊరు, గాలిలో ఉప్పు. గుమ్మాల కింద నీళ్లు పోవడానికి చిన్న బొక్కలు ఉంటాయి, దుమ్ము పడి అవి మూసుకుపోతాయి. టాపు కారితే కార్పెట్ కింద నీళ్లు నిలిచి నేల రేకు తింటుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. దిగిపోతే ఆ రేకు మార్చకుండా బ్రేసు వేయడం దండగ, చచ్చిన రేకుకి పైపు అతికితే ఏం లాభం? ఈ మస్టాంగ్‌లలో వెనక సస్పెన్షన్ కడ్డీలు వచ్చి తగిలే పెట్టెల దగ్గర, టార్క్ బాక్స్ అంటారు, రేకు చీలడం మామూలు. మాకూ ఎడమ పక్క ఒక చీలిక కనపడింది. ముందు దాన్ని సరిచేసినాం.

రెండోది, బండి తన కాళ్ల మీద నిలబడాల. నాలుగు కాళ్ల లిఫ్ట్ ఉంటే దాని మీదకి ఎక్కిస్తే సరిపోతుంది, అందులో బరువు చక్రాల మీదే ఉంటుంది. మా దగ్గర లేదు. ఐ బీమ్ ముక్కలతో అర మీటరు ఎత్తు స్టాండ్లు నాలుగు చేసినా, చక్రం దొర్లకుండా అంచులు పెట్టి. నాలుగు చక్రాలూ వాటి మీద నిలబెట్టి ట్యూబ్ లెవెల్‌తో సరిచూసినాం. జాక్ మీద ఉన్న బండి కిందికి మాత్రం ఎవరూ దూరొద్దు. టైం లేదని ఎవరు చెప్పినా సరే.

మూడోది, నిప్పు. బ్యాటరీ తీగ పీకేయాల. సీట్లు, కార్పెట్ బయటికి తీయాల, కింద అతికితే పైన అవే అంటుకుంటాయి. పెట్రోల్ పైపు, బ్రేక్ పైపు ఎటు పోతున్నాయో చూసి పక్కకి జరపాల. రాజోలు పిల్లోడిని తడి గోనెపట్టా, ఫైర్ బాటిల్ ఇచ్చి కారు లోపల కూర్చోబెట్టినా. వాడి పని నేల రేకు చూస్తా ఉండడమే. ఒకచోట పాత తారు పూత పొగ లేసింది, వాడు వెంటనే కేకేసినాడు. ఆపి, ఆర్పి, గీకి మళ్లీ మొదలుపెట్టినాం.

నాలుగోది, అతుకు. ఒకటిన్నర బై రెండు అంగుళాల బాక్స్ పైపు, 3 మిల్లీమీటర్ల మందం. రేకు పలచన, పైపు మందం. అందుకే మిగ్ వెల్డింగ్, మంట పైపు వైపు ఎక్కువ ఆనేటట్టు. ఒకే చోట పొడుగ్గా లాగితే వేడికి రేకు గుంజుకుంటుంది. కుడి పక్క ఒక అంగుళం, ఎడమ పక్క ఒక అంగుళం, ముందొకటి, వెనకొకటి, అట్లా చల్లారనిస్తా చేసినాం. డోర్లు వేసి, టాపు మూసి తాళం బిగించి పెట్టినాం. ప్రతి గంటకీ ఆ 5 బిట్టు సందులో పెట్టి చూసినా. చివరికి ప్రైమర్, పైన తుప్పు పట్టని పూత. ఇంజను పైన కడ్డీ బోల్టులు కూడా బండి చక్రాల మీద ఉన్నప్పుడే బిగించినా.

అయిపోయినాక పరీక్ష. పని మొదలుపెట్టక ముందు, ముందు ఎడమ చక్రం ఒక్కటే జాక్‌తో లేపితే డోర్ సందు 3 మిల్లీమీటర్లు కదిలింది. ఇప్పుడు 1 మిల్లీమీటరు. పూర్తిగా పోలేదు. పైకప్పు పోయిన బండికి పైకప్పు తిరిగి రాదు, ఓనరుకి కూడా అదే చెప్పమన్నా. ఆయన ఫహాహీల్ ఎక్స్‌ప్రెస్ వే మీద ఒక రౌండు కొట్టి వచ్చి డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి చూపించినాడు. నాకు 10 దీనార్లు, పిల్లోడికి 5 ఇచ్చినాడు.

ఒక జాగ్రత్త. ఇది విని శుక్రవారం పూట ఎవరింట్లోనో ఇట్లాంటి పని ఒప్పుకోకండి. మీ అకామా ఏ కఫీల్ మీద ఉందో ఆ పనే చేయాల. పట్టుబడితే ఇంటికి పంపేస్తారు, 20 దీనార్ల కోసం అంత అవసరమా?

ఇంకొకటి. మనలో చాలామందికి పని వచ్చు, మాట రాదు. తప్పు జరగబోతుందని తెలిసినా నోరు మూసుకుంటాం, తర్వాత కోత మన జీతంలోనే పడుతుంది. మీరు మేస్త్రీ అయినా, డ్రైవర్ అయినా, వంట చేసినా, మీ పనిలో ఏదో ఒక కొలత ఉంటుంది. పని మొదలుపెట్టక ముందు అది చూపించండి. ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. అయినా వినకపోతే మీ ఖర్మ అనుకోకండి, ఆ ఫోటో దాచుకోండి.

ఆ గాజులు 2018లో విడిపించినా. రాజోలు పిల్లోడు ఇప్పుడు జేబులో 5 బిట్టు పెట్టుకుని తిరుగుతున్నాడు, ఏ గేటు కనపడినా సందులో పెట్టి చూస్తున్నాడు. ఆ రెండో బిట్టు నా టూల్ బాక్స్‌లో ఉంది.

మీకు ఇట్లాంటిది ఏమైనా జరిగి ఉంటే వాయిస్ మెసేజ్ పెట్టండి, కంపెనీ పేరు చెప్పకండి, పని గురించి చెప్పండి. ఉంటా మరి.