వాన కోసం మొక్కిన చేతులు



మన పెద్దలు మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ పల్లెల నుంచి షోలాపూర్, భివండి చేరారు. ఆ పల్లెల్లో వాన పడకపోతే ఏం చేసేవారో ముసలివాళ్లకు గుర్తే. రోకలికి కప్పను కట్టి ఇంటింటికీ తిప్పితే ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పోసేవారు. గుడిలో విరాటపర్వం చదివించేవారు.

మన పక్క మగ్గం మీద పనిచేసే ముస్లిం సోదరులకూ వాన కోసం వేరే నమాజు ఉంది. ఊరి బయట మైదానంలో చేస్తారు. అందులో ఇమాం తన పైబట్టను తిరగేసి కప్పుకుంటాడు, కాలం కూడా అలా తిరగాలని. బట్ట నేసే మనకు ఈ సంగతి ఒకరు విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంకా వెనక్కి పోదాం. ఋగ్వేదంలో ఇంద్రుడు వజ్రాయుధంతో వృత్రుణ్ణి చంపి నీళ్లు విడిపిస్తాడు. గ్రీకుల జ్యూస్ చేతిలోనూ పిడుగే. సిరియాలోని రాస్ షమ్రాలో 1929లో తవ్వకాలు మొదలయ్యాయి. అక్కడ దొరికిన మట్టిపలకల్లో బాల్ అనే దేవుడు మేఘాలెక్కి తిరుగుతాడు. ఆయన చనిపోతే పొలాలు ఎండిపోతాయి. వేదంలోని ద్యౌష్పిత, గ్రీకుల జ్యూస్ పాతెర్, రోమన్ల జూపిటర్, మూడూ ఒకే మాట నుంచి వచ్చాయి: ఆకాశం తండ్రి. (మా దేవుడికి ఎవరితోనూ చుట్టరికం లేదనేవాళ్లు ఇది కాస్త వినాలి.) కథలన్నీ ఒకేచోట పుట్టాయని మేము అనడం లేదు. ఎండిన చేను ముందు నిలబడ్డ మనిషి భయం అన్నిచోట్లా ఒకటే అంటున్నాం.

1984 మే నెలలో, వానలకు ముందు, భివండిలో మతం పేరుతో మనుషులను చంపారు, ఇళ్లు తగలబెట్టారు. 1992 డిసెంబరు, 1993 జనవరి అల్లర్లలో బొంబాయి తగలబడితే భివండి ప్రశాంతంగా నిలిచింది. రెండు మతాలవాళ్లూ కలిసి కూర్చునే మొహల్లా కమిటీలు అప్పటికే అక్కడ పనిచేస్తున్నాయి.