ట్యూబు వెనకవైపు చదవండి
(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు చర్మ డాక్టరువి కదా, అందరికీ పనికొచ్చేది ఏదైనా చెప్పు. రోగాల సంగతి మాత్రం వద్దు, భోజనాల ముందు ప్రసంగం నీది" అన్నారు. అందుకని ముఖానికి రాసుకునే వాటి గురించి మాట్లాడదామని వచ్చాను. కాకపోతే తిరిగి తిరిగి చివరికి రోగం దగ్గరికే వెళ్తాం. ఆయన మన్నించాలి.

మన చిన్నప్పుడు పండగకు సున్నిపిండి, చలికాలంలో వ్యాసలైన్, ఫొటో దిగే రోజు పౌడరు. అంతటితో సరి. ఇప్పుడు ఇంటర్ చదివే పిల్లలు కూడా నియాసినమైడ్ ఐదు శాతమా, పది శాతమా అని మాట్లాడుకుంటున్నారు. మా క్లినిక్‌కు సీసాలు సంచిలో వేసుకుని వస్తారు. వాటిలో కొన్ని నిజంగా పనిచేస్తాయి, కొన్ని కొంచెం పనిచేస్తాయి, కొన్ని ధరకే పనిచేస్తాయి.

మొదట ఈ నియాసినమైడ్. పేరు కొత్తగా ఉంది గానీ ఇది బి3 విటమిన్‌లో ఒక రూపం. దీనికీ మన జొన్న రొట్టెకూ ఒక పాత సంబంధం ఉంది. బి3 లోపిస్తే పెల్లాగ్రా అనే జబ్బు వస్తుంది. ఎండ తగిలే చోట, అంటే చేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ హారం వేసినట్టు చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి తప్పుతుంది. అమెరికాలో మొక్కజొన్న మీదే బతికిన పేదలకు వచ్చేది. మన దక్కన్‌లో జొన్న తినే కూలీలకు వచ్చేది. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకంఠయ్య దీని వెంటపడ్డారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం కారణం కావచ్చని 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. దాని మీద తర్వాత చాలా వాదోపవాదాలు నడిచాయి. ఆ పరిశోధనశాలే ఇవాళ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ. జొన్న రొట్టె మానేయమని కాదు సుమా! పక్కన పప్పు, పాలు, గుడ్డు ఉంటే భయం లేదు. ఆ కూలీలకు లేనివి అవే.

ఆ బి3నే ఇప్పుడు ముఖానికి రాస్తున్నాం. చర్మంలో రంగు తయారుచేసే కణాలు వేరు, ఆ రంగును అందుకునే కణాలు వేరు. నియాసినమైడ్ రంగు తయారీని ఆపదు, ఒక కణం నుంచి ఇంకో కణానికి చేరటాన్ని తగ్గిస్తుంది. దాంతో మచ్చలు నెమ్మదిగా పలచబడతాయి. చర్మం పైపొరలో నీటిని నిలిపే కొవ్వులను కూడా పెంచుతుంది. నాలుగైదు శాతం చాలు. ఎక్కువ శాతమైతే ఎక్కువ పని అనుకోకండి, కొందరికి మంట పుడుతుంది.

తర్వాత ఎ విటమిన్. రేచీకటి పాఠంలో చదువుకున్నదే. దాని బంధువులు రెటినాల్, ట్రెటినాయిన్. దుకాణంలో దొరికే రెటినాల్‌ను చర్మం రెండు మెట్లలో రెటినోయిక్ ఆమ్లంగా మార్చుకోవాలి. డాక్టరు రాసే ట్రెటినాయిన్ నేరుగా ఆ ఆమ్లమే, అందుకే దానికి బలం ఎక్కువ. ట్రెటినాయిన్‌ను మొటిమలకు వాడేలా చేసినవాడు అమెరికా డాక్టరు ఆల్బర్ట్ క్లిగ్మన్. మొటిమలకు రాసుకున్న పెద్దవయసు ఆడవాళ్లు ముడతలు తగ్గాయని చెప్పటంతో దాని రెండో ఉపయోగం బయటపడింది. ఆయన ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. అందుకు ఆ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల 2021లో క్షమాపణ చెప్పింది. మన డ్రెస్సింగ్ టేబుల్ మీది ప్రతి ట్యూబు వెనకా ఎవరిదో ఒకరి చర్మం ఉంది, సైన్సు చెప్పే టీచర్లు పిల్లలకు ఈ కథ కూడా చెబితే బాగుంటుంది.

వాడే పద్ధతి ఇదీ. రాత్రిపూట, మొత్తం ముఖానికి శనగగింజంత. మొదట వారానికి రెండు మూడు రాత్రులే. తొలి వారాల్లో పొట్టు లేస్తుంది, ఎర్రబడుతుంది. ఫలితానికి మూడు నెలలు ఆగాలి. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు దీని జోలికి పోకూడదు.

సి విటమిన్ సీరమ్ మంచిదే గానీ గాలికి, వెలుతురుకు తొందరగా పాడవుతుంది. సీసాలో ముదురు గోధుమ రంగుకు తిరిగిందా, పారేయండి. దానికి బదులు నిమ్మచెక్క రుద్దుకుంటామంటారా, వద్దు. నిమ్మలోని కొన్ని పదార్థాలు ఎండతో కలిసి చర్మాన్ని కాలుస్తాయి. ఎండాకాలం నిమ్మరసాలు పిండిన చేతులకు నల్లటి చారలు రావటం మీలో కొందరు చూసే ఉంటారు. మొటిమలకు సాలిసిలిక్ ఆమ్లం రెండు శాతం. అది నూనెలో కరుగుతుంది కాబట్టి జిడ్డు నిండిన రంధ్రంలోకి దిగగలదు. చెరకు నుంచి వచ్చే గ్లైకోలిక్, పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లాలు మృతకణాల మధ్య పట్టును సడలిస్తాయి. హైలురానిక్ ఆమ్లం నీటిని పట్టుకుంటుంది, అంతే. తడి ముఖానికి రాసి పైన మాయిశ్చరైజర్ వేసుకోండి.

వీటన్నిటిలో ఒక్కటే కొనగలిగితే ఏది కొనాలని అడుగుతారు. సన్‌స్క్రీన్. ఎస్‌పీఎఫ్ 30 ఉంటే చాలు. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పెడితే ముఖానికి, మెడకు సరిపోయేంత. మనవాళ్లు కుంకుమబొట్టంత పెట్టుకుని పనిచేయలేదంటారు. మంగు మచ్చలు ఉన్నవాళ్లకు మామూలు వెలుతురు కూడా శత్రువే, ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్ అడగండి. పొలంలో పనిచేసే మన మిత్రులకు మాత్రం ముందు తలగుడ్డ, పొడుగు చేతుల చొక్కా, ఆ తర్వాతే ట్యూబు.

ఇక రోగం దగ్గరికి వస్తున్నాను.

మన సంఘం పుట్టిన 1975లోనే రెండు సంగతులు జరిగాయి. మనదేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ అమ్మకానికి వచ్చింది. అమెరికాలో అదే క్లిగ్మన్, విల్లిస్ అనే మరో డాక్టరుతో కలిసి మచ్చలకు ఒక మిశ్రమం ప్రకటించాడు: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్. మొదటిదాని పేరులోంచి 2020లో 'ఫెయిర్' పోయింది. రెండోదాని వారసులు మాత్రం మన ఊళ్లలోని మందుల షాపుల్లో చీటీ లేకుండా దొరుకుతున్నాయి. మంగు మచ్చలకు కొన్ని వారాలు, డాక్టరు కళ్లెదుట వాడాల్సిన మందు అది. మనవాళ్లు తెల్లబడే క్రీము అనుకుని వాడుతున్నారు. పెళ్లిచూపుల ముందు మొదలుపెట్టిన ట్యూబును పాప బడికి వెళ్లేదాకా వాడినవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు.

మొదటి రెండు వారాలు అద్దం సంతోషపెడుతుంది. స్టెరాయిడ్ రక్తనాళాలను బిగిస్తుంది, రంగును తగ్గిస్తుంది. తర్వాత చర్మం పలచబడి ఎర్రటి సన్న నరాలు బయటపడతాయి, మొటిమలు వస్తాయి, గడ్డం దగ్గర వెంట్రుకలు మొలుస్తాయి. ఆపితే ముఖం మంట, ఎరుపు. ఆ మంట చల్లారటానికి మళ్లీ అదే ట్యూబు. ఇది అలవాటు కాదు, ఉచ్చు. తామరకు వాడే క్రీముల్లోనూ ఇలాగే స్టెరాయిడ్ కలిపి అమ్ముతున్నారు. దురద రెండు రోజుల్లో పోతుంది, తామర నెలల తరబడి పాకుతుంది.

2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఈ హాలులో మందుల షాపులు ఉన్న మన సంఘ సభ్యులు నలుగురైదుగురు కూర్చున్నారు, నాకు కనిపిస్తున్నారు. అన్నయ్యలూ, మీకు నా విన్నపం ఒక్కటే. పదిహేడేళ్ల పిల్ల వచ్చి "ఆ తెల్ల క్రీము ఇవ్వండి" అంటే ఇవ్వకండి. పక్క షాపువాడు ఇస్తాడు కదా అంటారు. ఇవ్వనివ్వండి, మన బడిలో చదివినవాడి షాపులో మాత్రం దొరకలేదని ఆ పిల్ల ఇంట్లో చెప్పుకోవాలి.

మిగతా అందరూ ట్యూబు వెనకవైపు సన్నటి అక్షరాలు చదవండి. మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసాల్, ఫ్లూసినోలోన్ ఇలాంటి పేర్లు ఉంటే అది స్టెరాయిడ్. ఇప్పటికే నెలల తరబడి రాస్తుంటే చర్మ డాక్టరుకు చూపించి ఆపండి. అసలు ఏ పేరూ రాయని డబ్బాలు ఇంకా ప్రమాదం. కేరళలోని మలప్పురంలో 2023లో పాదరసం ఉన్న తెల్లబడే క్రీముల వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్న రోగులను డాక్టర్లు గుర్తించారు.

పుట్టుకతో వచ్చిన రంగు, అంటే మీ మోచేతి లోపలివైపు ఉన్న రంగు, దానికంటే తెల్లగా ఏ క్రీమూ క్షేమంగా చేయలేదు. మన బ్యాచి వాట్సాప్ గ్రూపులో పెళ్లి సంబంధాల బయోడేటాలు వస్తుంటాయి. చదువు, ఉద్యోగం, ఆ తర్వాత "ఫెయిర్". ఆ మాట తీసేసి పంపమని అడ్మిన్లను ఈ సభాముఖంగా అడుగుతున్నాను. నా కూతురి బయోడేటాలో అది లేదు. సంబంధాలు వస్తూనే ఉన్నాయి.

లెక్కల సార్ చీటీ పంపారు. "డెబ్భై ఎనిమిదేళ్లు, రాత్రిళ్లు పిక్కలు దురద, చర్మం పగిలిన చెరువులా ఉంది, ఈ సీరమ్‌లలో ఏది?" అని. ఏదీ వద్దు సార్. మరీ వేడినీళ్లు మానండి, సబ్బు చంకలకు, గజ్జలకు మాత్రమే. స్నానం చేసిన మూడు నిమిషాల్లో, ఒళ్లు ఇంకా తడిగా ఉండగానే కొబ్బరినూనో, వ్యాసలైనో రాయండి. రెండు వారాలకూ తగ్గకపోతే ఫోన్ చేయండి, నేనే ఇంటికి వచ్చి చూస్తాను. భోజనాలు సిద్ధమైనట్టున్నాయి, వాసన వస్తోంది. సెలవు.