పశువుల నొప్పిమందులును రాబందుల నాశమును
(పురపాలక, తాలూకా అధికారులకై ఉపన్యాసము)



ఔషధమునకును విషమునకును గల భేదము ముఖ్యముగా మూడింటిపై ఆధారపడియుండును: మోతాదు, మందు దేహములో నిలుచు కాలము, దానిని గ్రహించు ప్రాణియొక్క జాతి. పశువైద్య విద్యార్థులు మొదటి రెంటిని శ్రద్ధగా నేర్తురు. మూడవది మరచినందువలన కలిగిన నష్టమును ఈ దేశము చవిచూచినది.

సూరతు నగరమున ముసలి పశువులను, రోగపు పశువులను పోషించు పాంజ్రాపోలు కలదు. పూర్వము గుజరాతు దేశమందు ఇట్టి పశువుల కళేబరములను రాబందులు కొన్ని గంటలలోనే ఎముకలు మాత్రము మిగులునట్లు తినివేసెడివి. సూరతు పార్సీలును తమ మృతులను దఖ్మాలలో ఈ పక్షులకే అప్పగించుచుండిరి. అయితే 1992 మొదలు 2007 వరకు గల కాలములో తెల్లవీపు రాబందులు నూటికి 99 పాళ్లకు మించి నశించెను.

2004లో లిండ్సే ఓక్స్ మున్నగు శాస్త్రజ్ఞులు పాకిస్థానములో పరిశోధించి, ఇందులకు కారణము పశువుల నొప్పికి, వాపునకు వాడెడి డైక్లోఫినాక్ అని నిరూపించిరి. మందిచ్చిన కొలది దినములలో పశువు చనిపోయినయెడల దాని మాంసమందు మందు మిగిలియుండును. ఆ మాంసమును తిన్న రాబందు మూత్రపిండములు చెడి, యూరిక్ ఆమ్లము అవయవములపై సుద్దవలె పేరుకొని, పక్షి కొద్ది దినములలో చచ్చును. 760 కళేబరములకు ఒకటి మొదలు 130కి ఒకటి వరకు విషయుక్తమైనను ఇంతటి నాశమునకు చాలునని ఆ యేటనే లెక్క కట్టిరి.

రాబందులు పోగా కళేబరములు కుక్కల పాలయ్యెను, నీరును చెడెను. 2000 మొదలు 2005 వరకు ఇందువలన సుమారు 5 లక్షల మంది అదనముగా మరణించిరని 2024లో ప్రకటింపబడిన పరిశోధన యొకటి అంచనా వేసినది.

పశువులకు డైక్లోఫినాక్ తయారీని మాన్పుటకు 2006లో ఉత్తరువులైనవి. 2008లో గెజిటు ప్రకటనచే నిషేధము స్థిరపడినది. మనుష్యుల పేర పెద్ద సీసాలు కొని పశువులకు వాడుచుండుటచే, 2015లో 3 మిల్లీలీటర్లకు మించిన సూదిమందు సీసాలును నిషేధింపబడినవి. అసిక్లోఫినాక్ పశువు దేహములో డైక్లోఫినాక్‌గా మారును. కావున దానిని, కీటోప్రొఫెన్‌ను 2023లో పశువులకు నిషేధించిరి. మెలాక్సికామ్, టోల్ఫెనమిక్ ఆమ్లము రాబందులకు హాని చేయవని పరీక్షలలో తేలినది.

కావున అధికారులు గమనింపవలసిన విషయములు నాలుగు:

1. మందుల అంగళ్లలో నిషిద్ధ ఔషధములు పశువులకై అమ్ముడగుచున్న యెడల ఔషధ తనిఖీదారునకు వెంటనే తెలుపవలెను.
2. గోశాలలలో ప్రతి పశువునకును ఇచ్చిన మందు పేరు, తేదీ పుస్తకములో వ్రాయించవలెను.
3. చికిత్స పొందుచుండగా చనిపోయిన పశువును బయట వేయక లోతుగా పూడ్పించవలెను.
4. నొప్పిమందు కావలసినచో మెలాక్సికామ్ వాడుమని పశుపోషకులకు తెలియజేయవలెను.

చట్టము గెజిటులో అచ్చగుటతోనే పని తీరదు. సీసా చేతులు మారు అంగడిలోను, కళేబరము పడు ఊరి వెలుపలను అది అమలు కావలెను. ఆ రెండు చోట్లును మీ అధికార పరిధిలోనివే.