కొత్త కారా, పాత కారా?

పోయిన దసరాకు మా ఇంట్లో కారు గొడవ మొదలైంది. మా అత్తమ్మను నెలకు రెండుసార్లు గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోవాలి. వానాకాలం మా నల్లరేగడి దారిలో కాస్త ఎత్తున్న బండయితేనే కదిలేది. మా ఆయన కొత్తదే కొందామన్నాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, నిజమే. కానీ మిర్చి డబ్బులు ఏడాదికి ఒకసారి వస్తాయి, కిస్తీ నెలనెలా కట్టాలి. ఆ ఏడాది మిర్చి రేటు సంగతి మీకు చెప్పక్కర్లేదు. జీతం వచ్చే ఇల్లయితే నేనూ కొత్తదే అనేదాన్ని. తక్కువైతే స్త్రీనిధి అప్పు కలుపుదామన్నాడు. అది గేదె కోసం తీసుకున్నది, ముట్టుకోనివ్వలేదు.

పాతది చూద్దామని గుంటూరు వెళ్లాం. బండి అద్దంలా మెరుస్తోంది, అయిదు లక్షలన్నారు. మా వెంట వచ్చిన మెకానిక్ తమ్ముడు సీటు బెల్టు చివరిదాకా లాగాడు. లోపలంతా ఎండిన బురద! కాళ్లకింద కార్పెట్ ఎత్తితే బోల్టులకు తుప్పు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో కార్లు ఎట్లా మునిగాయో టీవీలో చూశాం కదా. ఇది అక్కడిదో కాదో గానీ, నీళ్లలో మునిగిన బండే. మాట్లాడకుండా వచ్చేశాం.

చివరికి చిలకలూరిపేటలో ఒక మాస్టారు వాడిన 2019 బండి దొరికింది. ఆర్‌సీలో బ్యాంకు అప్పు ఇంకా కనిపిస్తోంది. "ఎప్పుడో తీరిపోయిందమ్మా" అన్నారు. బ్యాంకు ఎన్‌ఓసీ చేతికొచ్చి, పేరు మార్పు ఫారాల మీద సంతకాలయ్యాకే మిగతా డబ్బిచ్చాను. ఆయనకు కాస్త కోపం వచ్చింది, రానీ. పద్నాలుగు రోజుల్లోపే ఇన్సూరెన్సు మార్పుకూ అర్జీ పెట్టాం. ఆర్‌సీ నా పేరు మీదే ఉంది. మా ఆయన మాత్రం ఇప్పటికీ రోడ్డు మీద కొత్త బండి కనిపిస్తే మెడ తిప్పి చూస్తాడు.