తనిఖీదారుని గొలుసు



మంత్రాలయములో మన్రో దొరకు స్వామివారు దర్శనమిచ్చిరన్న కథ మీరందరు విన్నదే. నేడు దాని జోలికి పోను. ఆయన తనిఖీ పనిని గూర్చి చెప్పెదను.

1800లో నిజాము ఈ సీమను కుంపిణీకి అప్పగించగా మన్రో ప్రధాన కలెక్టరై వచ్చెను. 1802లో పొలముల కొలత మొదలయ్యెను. 33 అడుగుల గొలుసుకు గొలుసు చదరము ఒక గుంట. 40 గుంటలు ఎకరము. ఆ గొలుసు ఒక్క అడుగు కురచయైనచో, ఎకరము పొలము లెక్కలో ఎకరము రెండున్నర గుంటలగును. లేని నేలకు రైతు ఏటేట శిస్తు కట్టవలెను! కావుననే కొలిచినవారి వెనుక మరల కొలిచి చూచువారిని పంపిరి. కచ్చేరీలో కూర్చుండి లెక్కకు దస్కతు చేయుట తనిఖీ కాదని నా అభిప్రాయము. మన్రో గుడారములతో ఊరూర తిరిగెను.

అన్నింటికన్న నేను మెచ్చునది వేరొకటి. తాను వేయించిన శిస్తే భారమైనదని తెలిసి, నూటికి 25 వంతున తగ్గింపుడని 1807లో పైవారికి వ్రాసెను. వారు వినలేదు; గ్రామములను గుత్తకిచ్చిరి. 1820లో తానే గవర్నరైన పిమ్మట గాని ఆ తగ్గింపు రైతుకు దక్కలేదు.

పదవి విడువబోవుచు ఈ సీమను కడసారి చూడవచ్చి, 1827 జూలై 6న మన పత్తికొండలోనే కలరాతో కన్నుమూసెను. దేహమును గుత్తికి కొనిపోయిరి. దొరతనమువారు ఇచ్చట ఆయన పేర తోపు వేయించి, రాతిమెట్ల బావి త్రవ్వించిరి.