మేత చెడకుండా ఫోటో



రిటైరైన తరువాత నా వ్యాపకం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ముప్పై ఏళ్లు ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాను. ఇప్పుడు ఏటా చలి వెనకపట్టే రోజుల్లో, మాఘమాసంలో, పులికాట్ సరస్సులో మేసే పక్షులను ఫోటోలు తీస్తున్నాను.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యగా పోతుంది. అటూ ఇటూ లోతులేని ఉప్పునీరు. మనం రాజహంసలనే ఫ్లెమింగోలు అక్కడ కాళ్లతో బురద కదిలించి, తల కిందులుగా వంచి మేస్తాయి. నాలుకతో నీటిని లాగి బయటికి నెడుతుంటే, జల్లెడలాంటి ముక్కు అంచుల్లో నాచు, చిన్న చిన్న నీటి జీవులు చిక్కుతాయి. వాటి గులాబీ రంగు ఆ మేత పెట్టిన భిక్షే.

దగ్గరలోని నేలపట్టులో గూడబాతులు చెట్ల మీద పిల్లలను పెంచే కాలమూ ఇదే. పిల్ల తన తలను తల్లి గొంతుసంచిలోకి దూర్చి చేపలు తింటుంది. అక్కడి వాచ్‌టవర్ నుంచి చూడవచ్చు.

ఉత్తరాది నుంచి వచ్చిన సూదితోక బాతుల వంటివి వేసవి ముదరకముందే తిరుగు ప్రయాణం కడతాయి. మనకు టి.ఎ. బిల్లు ఆఫీసు ఇచ్చేది. వాటికి ఒంట్లో చేరిన కొవ్వే టి.ఎ.! అదీ అడ్వాన్సుగా కూడబెట్టుకోవాలి. ఎగిరే ఫోటో కోసం కొందరు చప్పట్లు కొట్టి గుంపును లేపుతారు. దానితో మేతా ఆగుతుంది, కూడబెట్టిన కొవ్వూ ఖర్చవుతుంది.

అందుకే నేను కారు దిగను. పక్షులు బండికంటే మనిషి ఆకారానికే ఎక్కువ బెదురుతాయి. పొద్దుటి ఎండ వీపు వైపు ఉండేలా చూసుకుని, అద్దం దించి, దాని అంచున సంచి పెట్టి కెమెరా ఆనిస్తాను. ముక్కు కదలిక చెదరకుండా రావాలంటే షట్టరు సెకనులో వెయ్యోవంతు ఉండాలి. మేసే పక్షులు ఒక్కసారిగా మెడలు నిక్కించాయంటే మనం దగ్గరైనట్లే. వెంటనే వెనక్కు తగ్గాలి.

ప్రతి ఫోటోకూ తేదీ, వేళ, చోటు, పక్షి పేరు రాసి ఉంచుతాను. పాత అలవాటు! వానలు తక్కువైన ఏడాది నీరు రోడ్డుకు ఎంత దూరం జరిగిందో, పక్షులు ఎంత పలచబడ్డాయో ఆ ఫోటోలే చెబుతాయి. మన తరువాతివారికి అది పనికొచ్చే రికార్డు.

మోకాళ్ల నొప్పులున్నవారూ రావచ్చు, కూర్చుని చేసే పనే. కెమెరా లేకపోతే బైనాక్యులర్ చాలు. మనుమలను వెంట తీసుకురండి. చప్పుడు చేయకుండా గంటసేపు కూర్చోవడం వాళ్లకు మనమే నేర్పాలి.