పాదక్షాళనము

ఈ రజతోత్సవ సమయమున నాకు మేలుచేసిన ఒక గోష్ఠిని స్మరింతును. ఆదివారము ప్రార్థన ముగిసిన పిమ్మట క్రైస్తవ యువజనులు మన గ్రంథాలయమున జాషువాగారి ‘క్రీస్తు చరిత్ర’ చదివెడివారు. 1964లో సాహిత్య అకాడమీ బహుమానమందిన కావ్యమది. ఛందస్సు నేను చెప్పెడివాడను. సువార్త వారు చెప్పెడివారు.

ఒకనాడు యోహాను సువార్త 13వ అధ్యాయము ప్రస్తావనకు వచ్చెను. క్రీస్తు శిష్యుల పాదములు కడుగుట వినయమునకు నిదర్శనమంటిని.

“నిదర్శనమే కాదు, బాబాయిగారూ, ఆజ్ఞ కూడ. తన్ను పట్టియీయనున్న యూదా పాదములను సైతము కడిగెను గదా!” అనెను ఒక యువకుడు.

గట్టు తగవుచే నాలుగేండ్లుగా నేను పలుకరింపని దాయాది జ్ఞప్తికి వచ్చెను. మరునాడు అతని వాకిట నిలిచితిని. అతడు పీట వేసెను. తగవింకను తీరలేదు, మాటలు మాత్రము సాగుచున్నవి. సహవాసమనగా ఇదియేయని నా నమ్మిక.